ఈసీజీ బాగానే ఉందన్నారు, మరి ఈ ఆయాసం ఎక్కడిది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గడ్డల గురించే. గడ్డలంటే కణుతులు కాదు, ఒంట్లో గడ్డకట్టిన రక్తం. సంపాదకులు నాకిచ్చే చోటు కొంచెమే కాబట్టి ఒకే జాతి ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను. రిపోర్టుల ఫొటోలు పంపేవాళ్లకి చిన్న మనవి. రిపోర్టు కంటే దాని పక్కనున్న కాఫీ గ్లాసే బాగా కనపడుతోంది. కాస్త దగ్గరగా తీసి పంపండి.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన మూడో వారంలో, బాత్‌రూమ్‌కి వెళ్లి వస్తూ కళ్లు తిరిగి పడిపోయారు. ఒకటే ఆయాసం, చెమటలు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళితే ఈసీజీ తీసి, గుండె వేగంగా కొట్టుకుంటోంది అంతే, హార్ట్ ఎటాక్ కాదన్నారు. ఎక్స్‌రే కూడా బాగుందన్నారు. గ్యాస్ ఇంజెక్షన్ చేసి పంపించేశారు. మర్నాడు ఇంకోచోట సీటీ తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలున్నాయట. పైగా సీటీ గదికి తీసుకెళ్లకముందే పొట్టకి ఇంజెక్షన్ ఇచ్చేశారు. ఒక్క రోజులో అన్ని గడ్డలు ఎలా వచ్చాయి? ముందు రోజు ఎందుకు కనపడలేదు? జబ్బేంటో తేలకుండా మందు ఇవ్వొచ్చా?
(బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఒక్క రోజులో రాలేదు బాబూ. అవి పుట్టింది ఊపిరితిత్తుల్లో కూడా కాదు, చాలావరకు కాల్లోనే అయి ఉంటుంది. కాలి లోపలి సిరల్లో రక్తం పైకెక్కాలంటే పిక్క కండరం దాన్ని పిండుతూ ఉండాలి. ఆపరేషన్ అయిన కాలు రోజుల తరబడి మంచం మీదే ఉంటే ఆ పని ఆగిపోతుంది. కత్తి పడిన ఒంట్లో రక్తం మామూలుకంటే త్వరగా గడ్డకడుతుంది కూడా. మన బందరు కాలువలో గుర్రపుడెక్క ఎక్కడో పైన తెగి, నీళ్లతోపాటు తేలుతూ వచ్చి కిందనున్న లాకు దగ్గర అడ్డం పడుతుంది చూడండి, ఇదీ అంతే. కాల్లో తెగిన ముక్క పొట్టలోని పెద్ద సిర గుండా గుండె కుడి గదుల్లోకొచ్చి, అక్కడ ఆగే వీల్లేక ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. దీన్నే పల్మనరీ ఎంబాలిజం అంటారు. నాన్నగారు పడిపోయిన ఆ నిమిషంలో ఒక పెద్ద ముక్క వచ్చి ఉంటుంది.

ముందు రోజు ఎందుకు కనపడలేదంటే, చూసిన పరీక్షల్లో అది కనపడదు కాబట్టి. ఈసీజీ చూపించేది గుండెలోని కరెంటుని. ఊపిరితిత్తుల నాళంలో ఏముందో దానికి తెలియదు. గుండె కుడి పక్కమీద భారం పడితే ఆ నీడ కొంత ఈసీజీలో పడుతుంది. అమెరికాలో మెక్‌గిన్, వైట్ అనే ఇద్దరు డాక్టర్లు 1935లో ఆ నీడని వర్ణించారు. ఎస్‌1క్యూ3టీ3 అంటూ మెడికల్ కాలేజీలో ప్రతి విద్యార్థీ బట్టీ పడతాడు, నేనూ పట్టాను. తీరా వార్డులో చూస్తే చాలామంది రోగుల ఈసీజీల్లో అది ఉండనే ఉండదు. ఎక్కువగా కనపడేది ఒకటే, గుండె వేగం. మీ నాన్నగారికి రాసిన 'అంతే' ఉందే, అదే అసలు కబురు! పడుకుని ఉన్న మనిషికి, జ్వరం లేకుండా, గుండె నూటికి పైగా కొట్టుకుంటోందంటే ఎందుకని అడగాలి.

ఎక్స్‌రే సంగతీ ఇంతే. నిమోనియా అయితే తెల్లగా మచ్చ పడుతుంది, నీరు చేరితే గీత కనపడుతుంది. గడ్డకి అవేమీ ఉండకపోవచ్చు. మనిషి ఊపిరి అందక అల్లాడుతుంటే ఎక్స్‌రే తెల్లకాగితంలా శుభ్రంగా ఉండటం నన్నైతే ఇంకా భయపెడుతుంది. కరోనా దగ్గర్నుంచి ఇంటింటా ఉన్న ఆ వేలికి పెట్టే మిషను కూడా నమ్మకమైన సాక్షి కాదు. అందులో 95 చూపించినా గడ్డ ఉండొచ్చు.

మరి ఎలా పట్టుకోవాలి? ముందు కథతో. మిషన్లన్నీ దాని తర్వాతే. కెనడాకి చెందిన ఫిలిప్ వెల్స్ అనే డాక్టరు ఈ కథకి మార్కులు వేసే పద్ధతి ఒకటి పెట్టారు, ఇప్పటికీ మేం వాడేది అదే. నాలుగు వారాల్లోపు ఆపరేషన్ అయితే ఒకటిన్నర. గుండె వేగం నూరు దాటితే ఇంకో ఒకటిన్నర. ఇంతకంటే బాగా సరిపోయే జబ్బు మరొకటి కనపడకపోతే మూడు. మీ నాన్నగారికి ఇక్కడికే ఆరు వచ్చాయి. కాల్లో గడ్డ లక్షణాలుంటే మరో మూడు, ఇదివరకు గడ్డలొచ్చి ఉంటే ఒకటిన్నర, కఫంలో నెత్తురు పడితే ఒకటి, క్యాన్సర్ ఉంటే ఒకటి. మొత్తం నాలుగు దాటితే రక్తపరీక్షలతో కాలయాపన చేయకుండా నేరుగా సీటీకి పంపాలి. కాలు వాచిందా అని ఎవరైనా చూశారా? మోకాలి ఆపరేషన్ తర్వాత వాపు మామూలే అని వదిలేస్తారు. టేపు పెట్టి రెండు పిక్కలూ కొలిస్తే, మోకాలి కింద పది సెంటీమీటర్ల దగ్గర మూడు సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే అది మామూలు వాపు అనుకోకూడదు. మన డెల్టాలో ఇంకో చిక్కుంది. ఒంటికాలు వాచగానే బోదకాలేమోలే అని ఇంట్లోనే తీర్మానించేస్తారు. బోదకాలు నాలుగు రోజుల్లో రాదు.

సీటీ అంటే ఏ సీటీ అయినా కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. కరోనా రోజుల్లో అందరూ తీయించుకున్న హెచ్‌ఆర్‌సీటీలో రంగుమందు ఎక్కించరు. ఊపిరితిత్తి గుజ్జు బాగా కనపడుతుంది గానీ నాళంలోని గడ్డ తేలదు. ఛాతీ సీటీ తీయించాం, ఏమీ లేదన్నారండీ అని ఫైలు పట్టుకొచ్చేవాళ్లకి నేను మొదట చూసేది ఇదే. గడ్డ కోసమైతే సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ అని రాయాలి. చేతి సిరలో అయోడిన్ ఉన్న రంగుమందు వేగంగా పంపి, సరిగ్గా అది ఊపిరితిత్తుల నాళాల్లోకి చేరే సమయానికి బొమ్మ తీస్తారు. నాళం తెల్లగా మెరుస్తుంది, గడ్డ ఉన్నచోట నల్లటి ఖాళీ కనపడుతుంది. ఒళ్లంతా వేడెక్కినట్టు, నోట్లో ఇనుము రుచి తగిలినట్టు ఉంటుంది, భయపడనక్కర్లేదు. కిడ్నీ జబ్బున్నా, ఇదివరకు రంగుమందు పడకపోయినా, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా ముందే చెప్పాలి. సీటీకి వీల్లేనివాళ్లకి వీక్యూ స్కాన్ అని ఇంకో దారి ఉంది. ఊపిరితిత్తుల్లోకి గాలి ఎక్కడెక్కడికి వెళుతోంది, రక్తం ఎక్కడికి వెళ్లడం లేదు అని పోల్చి చూస్తారు.

ఇక ఆ పొట్ట ఇంజెక్షన్. ఆ రెండో ఆసుపత్రిలో చేసింది సరైన పనే. 1960లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డాన్ అనే ఇద్దరు డాక్టర్లు ఇలాంటి రోగుల్ని రెండు జట్లు చేసి ఒక జట్టుకే రక్తం గడ్డకట్టకుండా మందిచ్చారు. ఇవ్వని 19 మందిలో 5గురు గడ్డల వల్లే చనిపోయారు. ఇచ్చిన 16 మందిలో అలా ఒక్కరూ పోలేదు. అనుమానం గట్టిగా ఉండి, రక్తస్రావం భయం లేకపోతే సీటీ వరుస వచ్చేదాకా ఆగకుండా హెపారిన్ జాతి ఇంజెక్షన్ మొదలుపెట్టడం అప్పట్నుంచీ ఉన్న ఆనవాయితీ. ఆ మందు ఉన్న గడ్డని కరిగించదు, పెరగనివ్వదు, కొత్తది రానివ్వదు. కరిగించే పని ఒళ్లే మెల్లగా చేసుకుంటుంది. బీపీ బాగా పడిపోయినవాళ్లకి మాత్రమే, ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి, కరిగించే మందు ఇస్తారు. దానికి తల లోపల రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. అందుకే అందరికీ ఇవ్వరు.

ఇప్పుడు మీరు డాక్టర్ని అడగాల్సినవి: ఎకోలో గుండె కుడి గది ఉబ్బిందా? గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనపడే ట్రోపోనిన్ పెరిగిందా? ఈ రెండూ ప్రమాదం ఎంతో చెబుతాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు తక్కువలో తక్కువ మూడు నెలలు. ఆయాసం తగ్గింది కదా అని మధ్యలో మానేయకండి. మూడు నెలల తర్వాత కూడా మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే మళ్లీ చూపించండి. కొద్దిమందిలో గడ్డలు పూర్తిగా కరగక ఊపిరితిత్తుల్లో బీపీ పెరుగుతుంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విషజ్వరం తగ్గి రెండు వారాలైంది. ఆఫర్లో ఉందని మొత్తం ఒంటికి చెకప్ ప్యాకేజీ చేయించుకున్నాను. అందులో డీ-డైమర్ 780 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. 500 దాటకూడదట. ఫోన్లో వెతికితే ఊపిరితిత్తుల్లో గడ్డ అంటోంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఆయాసం లేదు, కాళ్లు వాచలేదు. సీటీ తీయించుకోనా?
(పటమట, విజయవాడ)

జవాబు: వద్దమ్మా. హాయిగా పడుకో.

ఆ పరీక్ష నీకు చేయాల్సింది కాదు. ఒంట్లో ఎక్కడ రక్తం గడ్డకట్టి కరిగినా దాని తాలూకు తునకలు రక్తంలో తేలతాయి, డీ-డైమర్ లెక్కపెట్టేది వాటినే. జ్వరమొస్తే పెరుగుతుంది, దెబ్బ తగిలితే పెరుగుతుంది, గర్భంతో ఉంటే పెరుగుతుంది, ఆపరేషన్ అయితే పెరుగుతుంది, వయసుతో ఊరికే పెరుగుతుంది. అందుకే యాభై దాటినవాళ్లకి వయసుని పదితో హెచ్చవేసి హద్దు పెడతాం. డెబ్భై ఏళ్లాయనకి 700 దాకా ఫరవాలేదన్నమాట. ఎక్కువ వచ్చినంత మాత్రాన గడ్డ ఉందని కాదు. తక్కువ వచ్చినప్పుడే దానికి విలువ. ఆయాసంతో వచ్చిన మనిషి కథలో అనుమానం తక్కువగా ఉండి, డీ-డైమర్ కూడా తక్కువైతే, సీటీ అక్కర్లేదని ధైర్యంగా ఇంటికి పంపొచ్చు. ఆ ఒక్క పనికే పుట్టిన పరీక్ష అది. ప్యాకేజీల్లో పెట్టి అమ్మడం నాకు మహా చిరాకు.

ఇంకొకటి, రిపోర్టులో అంకె పక్కన ఎఫ్‌ఈయూ అని ఉందా, డీడీయూ అని ఉందా చూడు. రెండో కొలతలో హద్దు సుమారు సగమే ఉంటుంది. ఒక ల్యాబు అంకెని ఇంకో ల్యాబు అంకెతో పోల్చి కంగారు పడేవాళ్లు వారానికొకరైనా వస్తారు. నీకు ఎప్పుడైనా ఉన్నట్టుండి ఆయాసమో, ఊపిరి పీలిస్తే పొడిచినట్టు నొప్పో, ఒంటికాలి వాపో వస్తే అప్పుడు బయల్దేరు. ఈ కాగితం పట్టుకుని కాదు.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. మా ఆవిడకి చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె కవాటం సన్నబడింది. గుండె లయ కూడా తప్పింది. బెలూన్ వేస్తామన్నారు. ఛాతీ మీద ఎకో తీసి గడ్డ కనపడలేదని రాశారు. మళ్లీ ఇప్పుడు గొంతులోంచి గొట్టం వేసి ఇంకో ఎకో తీయాలంటున్నారు. కనపడలేదని వాళ్లే రాశాక మళ్లీ ఎందుకు? ఇంకో సందేహం, రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటోందని గోంగూర మానేయమన్నారు. గుంటూరు జిల్లాలో పుట్టి గోంగూర మానడమా?
(తెనాలి)

జవాబు: మాస్టారూ, కనపడలేదు అన్నదానికీ లేదు అన్నదానికీ తేడా మీకు నేను చెప్పాలా? గుండె ఎడమ పై గదికి పక్కన చెవిలాంటి చిన్న సంచి ఉంటుంది. కవాటం సన్నబడి, లయ తప్పినవాళ్లలో రక్తం ఆ మూలే నిలవుండి గడ్డకడుతుంది. ఛాతీ మీద పెట్టే ఎకోకి ఆ మూల సరిగ్గా అందదు. అన్నవాహిక మాత్రం ఆ గదికి సరిగ్గా వెనకే ఆనుకుని వెళుతుంది. అందుకే గొంతులోంచి వేసే ఎకోలో ఆ సంచి స్పష్టంగా కనపడుతుంది. ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. గొంతుకి మత్తుమందు కొడతారు. కాసేపు ఓకరింతలు, అంతే. కట్టుడు పళ్లుంటే ముందే తీసేయాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. బెలూన్ వెళ్లేది ఆ గదిలోకే. జపాన్ డాక్టర్ కాంజీ ఇనౌ 1982లో మొదలుపెట్టిన ఈ పద్ధతి వల్ల ఎంతోమందికి ఛాతీ కోయాల్సిన పని తప్పింది. కానీ లోపల గడ్డ ఉన్న సంగతి తెలియకుండా తీగ పెడితే అది కదిలి మెదడుకి పోతుంది. కుడి పక్క గడ్డ ఊపిరితిత్తులకి, ఎడమ పక్క గడ్డ మెదడుకి, దారులు వేరు. ఒకవేళ గడ్డ కనపడితే బెలూన్ వాయిదా వేసి, కొన్నాళ్లు మాత్ర సరిగ్గా వాడించి మళ్లీ చూస్తారు. అమ్మగారికి పక్షవాతం రావడం కంటే వాయిదా నయం.

గోంగూర మానక్కర్లేదు. ఆకుకూరల్లో విటమిన్-కె ఉంటుంది, అది ఈ మాత్రకి ఎదురు పనిచేస్తుంది, నిజమే. ఇబ్బంది తినడంతో కాదు, హెచ్చుతగ్గులతో. వారమంతా ముట్టకుండా ఆదివారం నాడు గిన్నెడు పచ్చడి లాగిస్తే, రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ అంకె పడిపోతుంది. రోజూ తినేది ఒకే తీరుగా ఉంచి, దానికి తగ్గట్టు మోతాదు సరిచేయించండి. ఐఎన్‌ఆర్ రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. ఈ రక్తపరీక్ష బాధ లేని కొత్త మాత్రలున్నాయి కదా అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. కీళ్లజ్వరం తెచ్చిన కవాటం జబ్బులో పాత మాత్రే మేలని 2022లో ఇన్విక్టస్ అనే పెద్ద అధ్యయనంలో తేలింది.

ప్రశ్న: మా అన్నయ్యకి హార్ట్ ఎటాక్ వస్తే స్టెంట్ వేశారు. పది రోజుల తర్వాత ఎకో తీసి గుండెలో గడ్డ ఉందన్నారు. గడ్డ తీసేశామని చెప్పే కదా స్టెంట్ వేసింది? మోసం చేశారా?
(భవానీపురం, విజయవాడ)

జవాబు: మోసం కాదు నాయనా, అవి రెండు వేర్వేరు గడ్డలు. మొదటిది గుండె కండరానికి రక్తమిచ్చే సన్నటి నాళంలోది, దాన్ని స్టెంట్‌తో తెరిచారు. రెండోది గుండె లోపలి గదిలోది. ఎటాక్ పెద్దదై గుండె కొన కదలకుండా పోతే అక్కడ రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది కాబట్టి మళ్లీ ఎకో తీసిన డాక్టరు శ్రద్ధగలవాడే. ఎకోలో స్పష్టంగా లేకపోతే గుండె ఎమ్మారై తీస్తారు, దీనికి అంతకంటే మంచి పరీక్ష లేదు. సాధారణంగా మూడు నెలలు రక్తం గడ్డకట్టని మందిచ్చి మళ్లీ చూస్తారు. స్టెంట్ మాత్రలతోపాటు ఇదీ వేసుకుంటాడు కాబట్టి నల్లటి విరేచనం అయినా, చిగుళ్లనుంచి రక్తం ఆగకపోయినా ఆలస్యం చేయొద్దు. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లలు బంద్.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడో నెల. ఎడమ కాలు వాచి నొప్పిగా ఉంది, నిన్నట్నుంచి ఆయాసం. సీటీ అంటే బిడ్డకి ప్రమాదమని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు.
(మంగళగిరి)

జవాబు: ఈ ఉత్తరం చూసిన రోజే ఫోన్ చేశాను, ఆసుపత్రికి వెళ్లారు. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఏడో నెలలో రెండు కాళ్లూ వాచడం మామూలే. ఒక్క కాలే, అందులోనూ ఎడమది, వాచిందంటే ఆగకూడదు. ఎడమ కాలి సిర పొట్టలో ఒక ధమని కింద నలుగుతుంది, కడుపు పెరిగేకొద్దీ ఇంకా నలుగుతుంది. ముందు కాలికి డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ స్కాన్ తీస్తారు. డాక్టరు ఆ మిషనుతో సిరని అదిమి చూస్తారు, మంచి సిర అణగాలి, గడ్డ ఉన్నది అణగదు. రేడియేషన్ ఊసే లేదు. కాల్లో గడ్డ దొరికితే మందు ఎటూ అదే కాబట్టి చాలాసార్లు సీటీ అవసరమే ఉండదు. డాప్లర్ బాగుండి ఆయాసం మాత్రం ఉంటే అప్పుడు సీటీయో వీక్యూ స్కానో తప్పదు. ఛాతీ సీటీలో బిడ్డకి చేరే రేడియేషన్, దాని కొలతలో చెప్పాలంటే, ఒక మిల్లీగ్రే కూడా ఉండదు. ప్రమాదం గురించి ఆలోచించాల్సింది 50 దాటితే. అత్తగారికి ఈ అంకెలు చూపించండి. ఇచ్చే ఇంజెక్షన్ మాయ దాటి బిడ్డకి వెళ్లదు.

కాన్పయ్యాక ఆరు వారాలు ఇంకా జాగ్రత్త. బాలింతని మంచం దిగనివ్వకపోవడం, మంచినీళ్లు కూడా కొలిచి ఇవ్వడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో చూస్తున్నాను. కాళ్లలో గడ్డలకి అంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. నడవనివ్వండి, తాగనివ్వండి.

ప్రశ్న: అమ్మాయి పురుటికి డల్లాస్ వెళుతున్నాను. 63 ఏళ్లు, కాళ్లలో నరాల ఉబ్బు ఉంది. విమానమెక్కే ముందు ఆస్ప్రిన్ వేసుకుంటే గడ్డలు రావని మా వియ్యపురాలు చెప్పింది.
(గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: విమాన ప్రయాణంలో గడ్డల కోసం ఆస్ప్రిన్ వేసుకోమని డాక్టర్ల సంఘాలు మామూలుగా చెప్పవమ్మా. గన్నవరంలో ఎక్కి అక్కడ దిగేసరికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోతాయి. నడవా పక్క సీటు అడగండి. మధ్యమధ్యలో లేచి నడవండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి. మోకాలి కిందికి వచ్చే బిగుతు మేజోళ్లు మీ కాలి కొలతకి సరిపోయేవి కొనుక్కోండి. వాటిని వదులైనవి తొడుక్కుంటే డబ్బు దండగ. నిద్రమాత్ర వేసుకుని కదలకుండా పడుకోవద్దు. ఇదివరకు ఎప్పుడైనా గడ్డ వచ్చి ఉంటే, క్యాన్సర్ మందులు వాడుతుంటే, ఈమధ్యే ఆపరేషన్ అయి ఉంటే మాత్రం టిక్కెట్టు కొనకముందే వచ్చి కలవండి, మీకు వేరే ఏర్పాటు కావాలి. ప్రయాణమైన కొన్ని వారాల తర్వాత కూడా గడ్డ బయటపడొచ్చు. అక్కడ పిక్క వాచినా, ఆయాసమొచ్చినా, అమ్మాయికి కాన్పు హడావుడి కదా అని దాచకుండా చెప్పండి, ఏ రోజు విమానం దిగారో కూడా అక్కడి డాక్టరుకి చెప్పించండి.